మొదటి గడిలో టిక్కు

ఆ ఇంట్లో తెల్లారేది సరంగు గారి కేకలతో. ఓడలో ఖలాసీలను అదిలించే సరంగు పని మాని, ఒడ్డుకొచ్చి రెండేళ్లయినా ఆయన గొంతు మాత్రం ఇంకా డెక్కు మీదే ఉంది. "వీధి తలుపు తీశారా? పేపరు వచ్చిందా? నీళ్లు కాగాయా?" అంటూ మంచం దిగకుండానే ఆర్డర్లు వేస్తాడు. ఆయన భార్య అన్నిటికీ "ఆఁ, ఆఁ" అంటూ వచ్చి, పక్కన కూర్చుని, పేపరు పైకి చదివి వినిపిస్తుంది. అది చూసినప్పుడల్లా ఆయన తమ్ముడి భార్యకి, ఆ ఇంటి చిన్నకోడలికి, ఒళ్లు మండేది. మహారాజుకి పేపరు చదవడానికి కూడా ఒక మనిషి కావాలి కాబోలు అనుకునేది.

ఆవేళ మాత్రం ఆమె అదేమీ పట్టించుకోలేదు. మందుల షాపుకి సెలవు పెట్టి, భర్త తెల్లకోట్లు ఇస్త్రీ చేస్తోంది. పద్నాలుగేళ్లు ఓడ వంటింట్లో అసిస్టెంట్ కుక్‌గా ఉల్లిపాయలు తరిగి, గిన్నెలు తోమి, పైవాళ్ల తిట్లు తిన్న మనిషికి ఇన్నాళ్లకి చీఫ్ కుక్‌గా పిలుపొచ్చింది. ఓడ ఎక్కడో దూరపు రేవులో ఉంది. నాలుగు రోజుల్లో అక్కడుండాలి. దారిలో ఇంకో దేశంలో దిగి, రాత్రికి హోటల్లో ఉండి, మర్నాడు వేరే విమానం ఎక్కాలి. ఆ ఒక్క రాత్రికి ట్రాన్సిట్ వీసా కావాలి. అది వస్తేనే ఉద్యోగం.

"కోటుని ఇంకెంతసేపు రుద్దుతావే? ఓడెక్కకముందే చిరిగేలా ఉంది," అన్నాడు భర్త. పొద్దున్నుంచీ అతని మొహంలో నవ్వు ఆగడం లేదు.

ఆమె నవ్వలేదు. పది రోజులుగా ఆమెకి అన్నం సహించడం లేదు. కారణం ఆమెకొక్కదానికే తెలుసు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ అర్జీ అయినా సరే, సరంగు గారు చెబుతారు, చిన్నకోడలు రాస్తుంది. పేర్లు, తేదీలు, నంబర్లు ఆమె దస్తూరీ. గడుల్లో టిక్కులు మాత్రం ఆయన సొత్తు, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఇరవై ఏళ్లు ఎంతోమంది ఖలాసీల కాగితాలు చూసినవాడాయె! తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని ఓడెక్కించిందీ ఆయనే. అందుకని తమ్ముడు అన్న వేలు ఎక్కడ పెడితే అక్కడ సంతకం పెట్టేవాడు, చదివేవాడు కాదు.

వీసా అర్జీ నింపిన రోజు ఆమె ఒక్క మాట అంది. "బావగారూ, ఫోటో ఈ పక్కన కాదేమో, ఇక్కడ వేరేలా రాసుంది."

"ఇది మందుల చీటీ కాదమ్మాయ్," అన్నాడు సరంగు. "ఓడ మొహం ఎరగనిదానివి. రాయమన్నది రాయి, చాలు."

భర్త పకపకా నవ్వాడు. డాక్టర్ల కోడిగీతలు చదివి నలుగురి ప్రాణాలు కాపాడే మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది? ఆమె చెవులు వేడెక్కిపోయాయి. సరిగ్గా అప్పుడే ఆయన "ఇదిగో, మొదటి గడి ఓడవాళ్లది. ఇలాంటివి ఎన్ని పెట్టానో!" అంటూ ఠకీమని టిక్కు పెట్టాడు.

ఆ గడి పక్కన 'సాధారణ ప్రయాణికులు' అని రాసుంది. 'ఓడ, విమాన సిబ్బంది' అన్నది రెండోది. ఆమె చూసింది. నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. పెట్టుకోనీ, రేపు కౌంటర్లో గుమస్తా ఆ కాగితం మొహాన కొట్టి పంపిస్తే అప్పుడు తెలుస్తుంది, అప్పుడు నేనూ నవ్వుతాను అనుకుంది. అంతే, అంతకుమించి ఆమె ఏ చెడూ కోరలేదు. కానీ ఆ గుమస్తా కాగితాలు లెక్కపెట్టుకుని, ముద్ర గుద్ది, "తర్వాతెవరు?" అన్నాడు.

ఆ తర్వాత చెబుదామని చాలాసార్లు అనుకుంది. చెబితే అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఒక రోజు గడిచేసరికి చెప్పడం ఇంకాస్త కష్టమయ్యేది. చివరికి ఏమో, అంత చిన్న గీతని ఎవరు చూస్తారులే అని తనకి తనే చెప్పుకుంది.

పదిగంటలకి కొరియర్ వచ్చింది. భర్త కవరు చింపి పాస్‌పోర్టు పేజీలు చకచకా తిప్పాడు. మళ్లీ మొదటినుంచి తిప్పాడు. లోపలినుంచి మడతపెట్టిన ఉత్తరం జారి కింద పడింది.

"ఏరా, ఎన్నాళ్లకిచ్చారు?" అన్నాడు సరంగు.

చిన్నకోడలు ఉత్తరం తీసి చదివింది. "అర్జీలో సాధారణ ప్రయాణికుడని ఉంది, జతపరిచిన కాగితాలేమో ఓడ సిబ్బందివి. రెండిటికీ పొంతన లేదు కాబట్టి వీసా ఇవ్వడం కుదరదు. మళ్లీ పెట్టుకుంటే ఇంకో పది రోజులు పడుతుంది."

భర్త కంపెనీకి ఫోన్ చేశాడు. "అయ్యా, చిన్న పొరపాటు సార్, ఒక్క పది రోజులు సార్," అని బతిమాలుతూ వసారాలో అటూ ఇటూ తిరిగాడు. ఫోన్ పెట్టేసి గోడకి జారబడ్డాడు.

"ఇంకొకణ్ణి పంపిస్తున్నారట. వచ్చే నెల వేరే ఓడ ఉందట, కావాలంటే అందులో పాత పనికే రమ్మన్నారు."

తర్వాత అతను జన్మలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. అన్నగారి మీద గొంతు లేపాడు.

"పద్నాలుగేళ్లు అన్నయ్యా! ఒక గడి చూసి టిక్కు పెట్టడానికి నీకేమొచ్చింది? అక్షరాలు కనిపించలేదా?"

"మొదటిదే ఓడవాళ్లది," అన్నాడు సరంగు. "ఎప్పుడూ మొదటిదే."

"ఎప్పటి సంగతి? ఎదురుగా రాసున్నది చదవవా?"

చిన్నకోడలు అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. పది రోజుల భయమంతా కోపమై పొంగింది. "ఎలా చదువుతారు? అన్నీ తెలిసినవారు కదా! మేం నోరెత్తితే ఓడ మొహం ఎరగనివాళ్లం. ఇప్పుడు చూడండి, ఓడ మొహం చూడకుండా ఈయన్ని కూడా ఇంట్లో కూర్చోబెట్టారు. మీకు చల్లగా ఉందా బావగారూ?"

"చెల్లీ, ఇంక చాలు," అంది పెద్దకోడలు.

"ఎందుకు చాలు అక్కా? ఆయన్నంటే నీకు పొడుచుకొచ్చిందా?"

"ఆయనకి కళ్లు కనిపించవే!"

ఆ మాట అనేసి పెద్దకోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. సరంగు ఆవిడ వైపు చెయ్యెత్తాడు, ఆగమన్నట్టు. ఇంక ఆగడానికేముంది?

"రెండేళ్లు," అంది ఆవిడ ఏడుస్తూ. "ఓడెక్కే ముందు వైద్యపరీక్షలో కళ్లు పనికిరావని దింపేశారు. ఇంక తిరగడం విసుగొచ్చి మానేశానని మీకు చెప్పారు. చూపుకి మధ్యలోది ఏదీ కనబడదు, అంచులే కాస్త మసకమసకగా. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టేయించుకున్నారు. ఈ పేపరు చదవడం నాకు సరదా అనుకున్నారా?"

సరంగు కుర్చీలోకి ఒదిగిపోయాడు. "వాడికి నేనంటే దేవుడితో సమానం. గుడ్డివాణ్ణిరా అని ఎలా చెప్పను? ఆ ఫారమంతా నాకు కంఠతా వచ్చనుకున్నాను. గడుల వరస మార్చారని తెలియదు. తప్పు నాదే. నన్ను కొట్టరా, పడతాను."

భర్త ఆయన కాళ్ల దగ్గర కూలబడి, మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చాడు. "నాకు చెప్పొద్దా అన్నయ్యా? నాక్కూడానా?"

చిన్నకోడలు నిలబడిపోయింది. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. తప్పంతా ఆయన నెత్తినేసుకున్నాడు, అందరూ క్షమించేశారు కూడా. ఆమె చేసింది ఎవరికీ ఎప్పటికీ తెలియదు. కానీ సరంగు కళ్లు ఆమె ఎక్కడుందో వెతుక్కుంటూ, ఆమె పక్కనున్న గోడవైపు చూస్తున్నాయి.

"నేను చూశాను," అంది.

"ఏం చూశావు?" అన్నాడు భర్త తలెత్తి.

"ఆ టిక్కు తప్పని. సంతకం పెట్టకముందే చూశాను."

"ముందే చూశావా? మరి చెప్పలేదేం?"

"బావగారు నన్ను కసిరారు. నువ్వు నవ్వావు. కౌంటర్లో వెనక్కి ఇచ్చేస్తారు, అప్పుడాయన తలొంచుకుంటారు అనుకున్నాను." పైకి చెప్పేసరికి అదెంత చిన్న కారణమో ఆమెకే తెలిసి, సిగ్గుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

భర్త లేచాడు. అరుస్తాడనుకుంది, అరవలేదు. ఇస్త్రీ చేసిన కోట్లు ఒక్కొక్కటే తీసి పెట్టె అడుగున పడేశాడు. ఆమె దగ్గరికి వెళ్లబోతే, "నా జోలికి రాకు," అన్నాడు.

సరంగు ఆమె ఏడుపు వినిపించిన వైపు తిరిగి మాట్లాడాడు. కేక కాదు, మామూలు గొంతు. "నాకు కనబడదని చెప్పుకోడానికి నామోషీ అయింది. నీకు కనబడిందని చెప్పడానికి రోషం అడ్డొచ్చింది. మనిద్దరం కలిసి వాడి నోటిదగ్గర కూడు లాగేశాం, అమ్మాయ్."

ఆమె ఆయన కుర్చీ పక్కన కింద కూర్చుంది. "నా మొహం కనిపిస్తుందా బావగారూ?"

"గొంతే. మొహం చూసి రెండేళ్లయింది."

ఆ మధ్యాహ్నం ఎవరూ అన్నం ముట్టలేదు. సాయంత్రం భర్త బయటికి వెళ్లి, వచ్చే నెల ఓడ కోసం కొత్త వీసా ఫారం తెచ్చాడు. భార్య మొహం చూడకుండా దాన్ని ఆమె ముందు పెట్టి, అన్నగారి కుర్చీని దగ్గరికి జరిపాడు.

"ప్రతి ముక్కా పైకి చదువు. అన్నయ్య వినాలి. నేను కూడా వింటాను."

ఆమె చదివింది, రాసింది. పేరు అయింది, పుట్టిన తేదీ అయింది. గడులన్నీ గట్టిగా చదివి, ఇద్దరూ సరేనన్నాకే టిక్కు పెట్టింది. కింద ఒక ప్రశ్న దగ్గర ఆమె చదవడం ఆపేసింది.

"చదువు," అన్నాడు భర్త.

"ఓడలో ఉద్యోగం."

సరంగు చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి తమ్ముడి భుజం మీద ఆగింది.

"అసిస్టెంట్ కుక్," అన్నాడు భర్త. "అలాగే రాయి."

ఆమె ఒక్కో అక్షరమూ విడివిడిగా, చక్కటి దస్తూరీతో రాసింది.