మొరాయించని బండి

అమ్మకానికి పెట్టిన మోటారుసైకిలు, కొనడానికి వచ్చిన నర్సు కాళ్ళ ముందే పక్కకు ఒరిగి పడిపోయింది. దాన్ని ఎవరూ తోయలేదు.

అమ్ముతున్న మెకానిక్ బండిని లేవనెత్తి, నిజం చెప్పాడు. చూడటానికి వచ్చేది ఆడమనిషి అని ఫోన్‌లో తెలిసి, కాళ్ళు అందుతాయో లేదోనని ఆ ఉదయమే బండి ఎత్తు తగ్గించాడు. పక్క స్టాండును మాత్రం కురచ చేయలేదు. దానితో బండి మరీ నిటారుగా నిలబడి, చిన్న గాలికే అవతలి పక్కకు పడింది.

"నాకు కాళ్ళు అందవని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"నన్ను అడిగారా?"

"లేదండీ."

"అయితే ముందు ఎలా ఉండేదో అలా చేయండి. నేను కూర్చుంటాను."

ఆమె అరిచి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది. ఆమె స్టూలు మీద కూర్చుని, పని పూర్తయ్యేదాకా చూసింది.

అది చూడముచ్చటైన బండి కాదు. రంగు వెలిసింది, ట్యాంకు మీద సొట్ట ఉంది. కానీ దూరప్రయాణాలకని తయారైనది: వెడల్పాటి సీటు, గాలిని ఆపే అద్దం, రెండు పక్కలా పెద్ద డబ్బాలు. కొండ మీద ఊళ్ళలో పసిపిల్లలకు టీకాలు వేసే మనిషికి కావలసింది అదే. ఇంజనులో ప్రతి భాగాన్నీ అతను స్వయంగా విప్పి, కడిగి, బిగించాడు.

ఆమె ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ చక్కగా నేలకు ఆనాయి. అతను ఆ పాదాల వంక చూసి చూపు తిప్పుకున్నాడు. ఆమె గమనించనట్టే ఒక చుట్టు తిరిగి వచ్చి, కొంటానన్నది.

"ఏ ఇబ్బంది వచ్చినా తీసుకురండి," అన్నాడతను.

ఏ ఇబ్బందీ రాలేదు. తాను చేసిన అసలు పొరపాటు స్టాండు విషయంలో కాదని, బండిని అంత శ్రద్ధగా బాగుచేయడమేనని అతనికి నిదానంగా అర్థమైంది.

ఎండలు పోయి వానలు వచ్చాయి. రోడ్డు మీద బరువైన బండి చప్పుడు వినిపించిన ప్రతిసారీ అతను పానా పట్టుకునే బయటికి వచ్చేవాడు. వచ్చేది వేరే ఎవరో. గల్లా దగ్గర కూర్చునే అత్త చూసి చూసి, ఒకరోజు అడిగేసింది.

"ఏరా, ఒక్క బోల్టయినా వదులుగా ఉంచలేకపోయావా?"

"కొండదారి అత్తా. పిల్లల మందులు మోసే బండి."

"అయితే ఉండు అలాగే, బ్రహ్మచారిగా."

పోనీ ఫోన్ చేయమన్నది. బాగున్న బండిని బాగుందా అని అడగడం దొంగ నెపమవుతుందని అతను ఒప్పుకోలేదు. ఆ మాట న్యాయమైనదే కనుక అత్త విసుక్కుని ఊరుకుంది.

కొండ మీద నర్సు పరిస్థితీ ఇంతకంటే మెరుగ్గా లేదు. రోజూ పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, కొత్త చప్పుడు ఏదైనా వస్తుందేమోనని చెవి ఒగ్గి వినేది. బురదలోనూ వాగులోనూ అది బుద్ధిమంతుడిలా నడిచింది. తన చేతులతో దాన్ని చెడగొట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

చివరకు ఒక వాన మధ్యాహ్నం ఆమె బస్సు దిగి, గొడుగు వేసుకుని షెడ్డులోకి నడిచి వచ్చింది. ఆమె వెంట బండి లేకపోవడం చూసి అతని చేతిలోని పానా జారిపోయింది.

"ఎక్కడ ఆగిపోయిందండీ? మీకేమైనా దెబ్బ తగిలిందా?"

"ఆగలేదు. ఇంటి ముందే ఉంది."

"మరి?"

"అది చెడిపోయే బండి కాదని తెలిసిపోయింది. అది చెడిపోతేనే మిమ్మల్ని చూడాలనుకుంటే నేను ముసలిదాన్ని అయిపోతాను. అందుకని ఊరికే వచ్చాను."

అతను చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. గుడ్డ చేతులకంటే మురికిగా ఉన్నదని గమనించలేదు.

"నేను రోజూ రోడ్డు వంకే చూస్తున్నానండీ. బండి కోసం కాదు."

"ఆ మాట ఫోన్‌లో చెప్పొచ్చుగా?"

"ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు."

"ఇప్పుడు మొదలుపెట్టారుగా. బాగానే ఉంది."

అత్త తన స్కూటరు తాళంచెవి బల్ల మీద పెట్టింది. ఆ అమ్మాయిని కొండ మీద దింపి, వాళ్ళ అమ్మానాన్నలతో తాను ఎప్పుడు వచ్చి మాట్లాడాలో కనుక్కుని రమ్మన్నది.

అత్త స్కూటరు దారిలో రెండుసార్లు ఆగింది. రెండోసారి దాన్ని బాగుచేయడానికి అతను తొందరపడలేదు. ఆమె తొందరపెట్టనూ లేదు.