రెండు కార్లకు ఒకటే నెంబరు

హలో... వినపడుతోందా అండీ? టీ తాగుతుంటే తాగుతూనే వినండి. కారు ఉన్నవాళ్లూ, కొనబోయేవాళ్లూ కాస్త దగ్గరికి జరగండి. మన ఏలూరు కథ చెబుతాను.

పవర్‌పేటలో ప్రైవేటు డిటెక్టివ్ సత్యవేణి ఆఫీసులోకి ఫర్హానా పరుగున వచ్చి కుర్చీలో కూలబడింది. కాళ్లకున్న చెప్పులు ఒకటి తనది, ఒకటి భర్తది. అసిస్టెంటు నిస్సీ మంచినీళ్లిస్తే సగం చీర మీదే ఒలికాయి.

"సాయంత్రానికి మా ఆయన్ని అరెస్టు చేస్తారంటండీ! మీరే ఏదోటి చేయాలి."

ఆమె భర్త యూసుఫ్ వట్లూరులో తివాచీల వ్యాపారి. నిన్న సందెవేళ కొల్లేరు గట్టు మీద ఒక తెల్ల కారు అబ్బాయిరాజు అనే చేపల కూలీని గుద్ది, ఆగకుండా పోయింది. చూసినామె చెప్పిన నెంబరు ఏపీ ముప్పైఏడు, చివర 5454. అది యూసుఫ్ కారుదే.

"అబ్బాయిరాజుకి ఇంకా తెలివి రాలేదండీ. ఆయనకేమన్నా అయితే..." ఫర్హానా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నిన్న ఆ వేళకి మీవారు ఎక్కడున్నారమ్మా?"

"జ్వరమొచ్చి ఇంట్లోనే పడుకున్నారండీ. నేను పుట్టింట్లో ఉన్నాను. కారు వాకిట్లోనే ఉందని మేం చెబితే ఎవరు నమ్ముతారండీ?"

"ఆ కారు ఎవరి దగ్గర కొన్నారు?"

"పెదపాడులో చేపల చెరువులున్న జగ్గారావుగారిదండీ. పోయినేడు తాడేపల్లిగూడెం బ్రోకరు సుందరరావుగారు ఇప్పించారు."

ముందు పోలీస్ స్టేషనుకి వెళ్లారు. బెంచీ మీద యూసుఫ్ దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. ఆవరణలో ఉన్న అతని కారు 2018 నాటిది. సత్యవేణి చెప్పగా నిస్సీ బ్రేకు తొక్కింది. వెనక రెండు మూలలా రెండు ఎర్ర దీపాలు వెలిగాయి. సాయంత్రం దాకా ఆగుతానన్నాడు ఎస్సై.

గట్టు మీద చేపలు ఎండబెడుతున్న వెంకటనరసమ్మే సాక్షి.

"నెంబరు సరిగ్గా చూశావా అమ్మా?"

"చూడకేంటండీ? ముప్పైఏడంటే మన పశ్చిమగోదారి బండే కదా! మనోడై ఉండి ఆగడేంట్రా అని తిట్టుకున్నాను."

"ఇంకేం కనపడింది?"

"ఎర్ర లైటండీ. ఈ చివర్నించి ఆ చివరిదాకా ఒకటే గీత, పెళ్లిపందిట్లో ట్యూబులైటులాగ."

నిస్సీ ఆ మాట విని మామూలుగా తలూపింది. సత్యవేణి మాత్రం, "పద, గూడెం" అంది.

సుందరరావు దుకాణం ముందు కొత్త తెల్ల కారుంది. దాని వెనక దీపం కూడా అడ్డంగా ఒకటే గీత! నిస్సీ గబుక్కున వంగి నెంబరు ప్లేటు చూసింది.

"కొత్తదండీ, ఏపీ ముప్పైతొమ్మిది నెంబరు" అన్నాడు సుందరరావు. "మన దగ్గర లైఫ్ టాక్సు కట్టేసరికి ప్రాణం లేచిపోయిందనుకోండి. జగ్గారావుగారు గట్టోరు. ఇలాంటి కారే కొని పాండిచ్చేరిలో రిజిస్ట్రేషను చేయించుకున్నారు. అక్కడ బాగా తక్కువ కదండీ. ఏడాది దాటితే ఇక్కడా కట్టాలి, ఆయనకి అదీ దాటింది. ఎవరడుగుతారులే అంటారు."

పెదపాడులో జగ్గారావు ఇంటి ముందు బుల్లెట్ బండి ఉంది. దాని నెంబరూ 5454.

"నా లక్కీ నెంబరండీ" అని నవ్వాడు జగ్గారావు. "కూడితే తొమ్మిది. ఫోను చివర కూడా అదే."

షెడ్డులో కారు నిండా ఎండిన గట్టు బురద. పాండిచ్చేరి నెంబరు ప్లేటు ఒక్కటే కడిగిన కంచంలా మెరుస్తోంది. ముందు దీపం పగిలింది.

"గేటుకి రాసుకుందండీ. అయినా గట్టు మీద నాకేం పని?"

సాయంత్రం స్టేషనులో అందరూ కూర్చున్నారు. ఫర్హానా చేతివేళ్లు విరుచుకుంటోంది. సత్యవేణి లేచింది.

"గుద్దిన కారుకి వెనక ఒకటే ఎర్ర గీత. యూసుఫ్‌గారి కారుకి రెండు దీపాలు. ఆ గీత ఉన్న కారు కొత్తది. 2019 నుంచి కొత్త బండికి రాష్ట్రమంతా ముప్పైతొమ్మిదో, ఆ తర్వాతదో తప్ప ముప్పైఏడు ఇవ్వలేదు. కాబట్టి అది దొంగ ప్లేటు."

"సుందరరావుగారికీ అదే కారు ఉంది కదా మేడమ్?" అంది నిస్సీ.

"ఆయన టాక్సు కట్టారు. నెంబరు దాచాల్సిన పనేముంది? దాచాల్సింది టాక్సు ఎగ్గొట్టి తిరిగేవాళ్లు. జగ్గారావుగారూ, పాత కారు అమ్మారు గానీ లక్కీ నెంబరు వదల్లేకపోయారు. ఊళ్లో తిరిగేటప్పుడు అదే నెంబరుతో ప్లేటు చేయించి తగిలించుకున్నారు. ముప్పైఏడు చూస్తే మనబండేనని ఎవరూ ఆపరు. కారంతా బురదై, ప్లేటు ఒక్కటే శుభ్రంగా ఎందుకుంది? బురదయ్యాక మార్చారు కాబట్టి."

"అబద్ధమండీ!"

ఎస్సై పంపిన కానిస్టేబుల్, జగ్గారావు కారు డిక్కీలో చాప కింద నుంచి ప్లేటు తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద ఇంకా బురదుంది. జగ్గారావు దాని వంక చూడలేక తల దించుకున్నాడు.

"అతను అడ్డంగా వచ్చేశాడండీ. దిగుదామనే అనుకున్నాను. దిగితే జనం పోగవుతారు. నెంబరు చూస్తారు, టాక్సు సంగతి బయటపడుతుంది. అందుకనే..."

"టాక్సు కోసమా బాబూ?" అంది వెంకటనరసమ్మ. "ఆడు ఆ బురదలో పడి నీ కారు వంకే చెయ్యెత్తాడయ్యా. ఆగుతావనుకున్నాడు."

అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. అబ్బాయిరాజు కళ్లు తెరిచాడు. ప్రాణానికి భయం లేదు, కుడికాలు మాత్రం మునుపటిలా ఉండదన్నారు.

ఫర్హానా ఏడుస్తూ భర్త నుదుటి మీద చెయ్యి వేసింది. "ఇంటికెళ్దాం పదండి."

"ముందు ఆసుపత్రికి" అన్నాడు యూసుఫ్. "రాత్రంతా ఆయన బతకాలనే కోరుకున్నాను. నా కోసమో ఆయన కోసమో నాకే తెలీలేదు. ఒకసారి మొహం చూడాలి."

అదండీ సంగతి. నచ్చితే మీ గ్రూపుల్లో వేయండి. పక్క రాష్ట్రం నెంబరు వేసుకుని మీసం మెలేసే బావగారెవరైనా ఉంటే, ఆయనకి ముందు పంపండి. నా పేరు చెప్పకపోయినా పర్లేదు.