యాభై ఆంపియర్ల తగాదా

ఆమె నా పని పాస్ కాలేదని ఎర్ర స్టిక్కర్ అంటించడం అది మూడోసారి. ఊళ్ళో ఇంకెవరూ ఎలక్ట్రీషియన్లు లేనట్టు ఆ ఇన్‌స్పెక్టర్ అమ్మాయి ఆరు నెలలుగా నా మీదే పడింది.

ఈసారి తగాదా మా అక్క వడ్రంగి షాపులో, కొత్త రంపం మోటారు దగ్గర.

"వైరు ముప్పై ఆంపియర్లు మోస్తుంది, మీరేమో యాభై బ్రేకర్ పెట్టారు. వైరు కాలిపోయాక ట్రిప్ అవుతుందా అది?" అంది కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

స్టార్ట్ అయ్యేటప్పుడు మోటారు కొద్ది క్షణాలు ఆరింతల కరెంటు లాగుతుందనీ, చిన్న బ్రేకరైతే స్విచ్ వేసిన ప్రతిసారీ ట్రిప్ అవుతుందనీ చెప్పాను. బ్రేకర్ షార్ట్ సర్క్యూట్ కోసం, లోడ్ మించితే ఆపడానికి పక్కనే ఓవర్‌లోడ్ రిలే ఉంది, దాని డయల్ మోటారు ప్లేటు మీదున్న ఇరవై ఆంపియర్లకే పెట్టానని మొత్తుకున్నాను. వింటేగా. రిలే చూసింది, తలూపింది, అయినా స్టిక్కర్ అంటించి నవ్వుతూ వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ నవ్వు ఇంకోసారి చూడాలనీ అనిపించింది, అదే అసలు చిక్కు.

ఆమె సంతకం పెడితేగానీ సోమవారం షాపు తెరవడానికి లేదు. ఒక బడికి బెంచీలు చేయాలి, అక్కకి అదే మొదటి ఆర్డరు. ఆ పిల్ల మళ్ళీ రావాలని కావాలనే పని చెడగొడుతున్నావా అని అక్క ఆటపట్టించింది.

సాయంత్రం ట్రయల్ వేస్తే పచ్చి చెక్క దగ్గర రిలే రెండుసార్లు మోటారుని ఆపేసింది. అక్క విసుక్కుంది. ప్రస్తుతానికని డయల్‌ని ఇరవై ఐదుకి తిప్పేశాను.

మర్నాడు ఆమె పిలవకుండానే వచ్చింది.

"రూల్స్ మళ్ళీ చదివాను. మోటారుకి మీ బ్రేకర్ కరెక్టే. తప్పు నాది," అంటూ స్టిక్కర్ తనే పీకేసింది.

ఈ మాట కోసం ఆరు నెలలు ఎదురుచూసినవాణ్ణి, ఎగిరి గంతేయాలి కదా. ఆమె పెన్ను తీసింది. అప్పుడు గుర్తొచ్చింది డయల్.

రిలేని నిన్ననే చూసింది, మళ్ళీ చూడదు. నేను నోరు మూసుకుంటే సోమవారం షాపు తెరుచుకుంటుంది. కానీ మోటారు కాగి కాగి ఏదో ఒకరోజు కాలిపోతుంది, దాని పక్కన నిలబడేది మా అక్క. పైగా నా అబద్ధం కింద ఈమె సంతకం ఉంటుంది.

"ఆగండి, సంతకం పెట్టకండి," అన్నాను. రిలే మూత తీసి, డయల్ చూపించి, జరిగిందంతా చెప్పేశాను.

ఆమె డయల్ ఇరవైకి తిప్పించి, పచ్చి చెక్కని మెల్లగా తొయ్యమని అక్కకి చెప్పింది. రంపం ఈసారి ఆగకుండా కోసింది. సంతకం పడింది.

ఫైలు మూశాక, ఇక ఏమైతే అదవుతుందని తెగించాను.

"ఇంకోటి కూడా ఉంది. మీరంటే నాకిష్టం. మొదటి స్టిక్కర్ నుంచీ."

అక్క చేతిలో చెక్క జారిపోయింది.

"తప్పు చేసినా మీరే చెప్పేస్తారు, ఇష్టపడినా మీరే చెప్పేస్తారు. కనిపెట్టడానికి నాకేం మిగిల్చారు?" అంది ఆమె.

గుమ్మం దాటబోతూ ఆగింది.

"ఆదివారం ఇంటికి రండి. మా నాన్నకి కూడా మీరే చెప్పండి."