కిష్టయ్య ఖోలీలో "కాప్"

ముంబై కామాటిపురలో వరస వాటాలున్న ఆ పాత చాల్‌కి ఒక పేరుంది, గల్లీకి ఒక నంబరుంది. రెండో అంతస్తు గ్యాలరీ చివరి గదిని మాత్రం అందరూ కిష్టయ్య ఖోలీ అనే అంటారు. చీకటి పడ్డాక ఆ కొసకి ఎవరూ పోరు. అటువైపు ఆరేసిన బట్టల్ని పొద్దుండగానే తెచ్చేసుకుంటారు.

కిష్టయ్య వడ్రంగి. కూలగొట్టిన పాత బంగళాల టేకు కొనుక్కొచ్చి ఉయ్యాల బల్లలు, పందిరి మంచాలు, చెక్కుడు కాళ్ల కుర్చీలు చేసేవాడు. ఒక రాత్రి ఆ వంటింట్లోనే పెళ్లాం లక్ష్మమ్మని బాడిసతో నరికాడు. నరికి, అదే ఇంటి దూలానికి ఉరేసుకున్నాడు. గడప దాటి వచ్చిన నెత్తురు ఎన్ని బిందెల నీళ్లు పోసినా పూర్తిగా పోలేదట... టేకు తాగినంత తాగేసింది.

అప్పట్నుంచీ కొన్ని రాత్రుళ్లు లోపలినుంచి ఒక గొంతు—

"కాప్... కాప్..."

మరాఠీలో కాప్ అంటే కొయ్యి, నరుకు. కిష్టయ్య ఇంకా నరకమనే అంటున్నాడని చాల్ అంతా నమ్మింది. మగ దెయ్యానికి అంత సన్నటి గొంతేమిటని ఎవరో అడిగారట. పీక బిగిసి చచ్చినవాడికి గొంతు సన్నబడదా మరి, అని సర్దిచెప్పేశారు.

ఆ ఖోలీని అతుల్ అద్దెకు తీసుకున్నాడు.

అతనికి వేరే దారి లేదు. పెళ్లయి కొత్త. అదే చాల్‌లో మొదటి అంతస్తులో వాళ్ల ఇల్లు. నాయనమ్మ రత్నాబాయి, అన్నా వదినా, వాళ్ల పిల్లలు, అందరికీ ఒకటే గది. తలుపేసుకునే చోటు లేక కాజల్ ధారావిలో పుట్టింట్లోనే ఉండిపోయింది. అతుల్ పాత వంటిళ్లు విప్పి కొత్తవి బిగించే పని సొంతంగా మొదలుపెట్టాడు. ప్లై పలకని ఒక్క చూపు చూస్తే చాలు, ఏ ముక్క ఎటు కోస్తే వృథా పోదో నోటిలెక్కన చెప్పేస్తాడు. పగలు జనాల వంటిళ్లు, రాత్రి తన వంటిల్లు అనుకున్నాడు.

"భూత్‌తోని సంసారం చేస్తవా, నాతోని చేస్తవా?" అంది కాజల్ ఫోన్లో.

"అదే నయం. గడియకోసారి ఫోన్ చెయ్యదు."

"నవ్వకు. ఆ ఆవాజ్ ఒక్కసారి నా చెవిన పడ్డదనుకో... మళ్ల నీ గడప తొక్క."

పక్క ఖోలీలోకి పాలమూరు నుంచి ఈమధ్యే ఒక జంట దిగింది. రమేష్ కట్టడాల దగ్గర కూలి. ఎదురుపడితే నవ్వుతూ పలకరిస్తాడు. భార్య ప్రియాంక గడప దాటదు. ఎంత ఉక్కపోసినా మెడ చుట్టూ కొంగు తీయదు. ఆ రెండు ఖోలీలకీ మధ్య ఉన్నది ఇటుక గోడ కాదు, టేకు పలకల అడ్డు.

ఆ రాత్రి జోరువాన. కిష్టయ్య చేసిన పాత టేకు బీరువా అక్కడే మిగిలిపోయి ఉంది. దాన్ని కోసి కొత్త వంటగట్టు కింద అరలుగా మారుద్దామని అతుల్ పలకల అడ్డు నుంచి పక్కకి జరిపాడు. కరెంటు రంపం ప్లగ్గులో పెట్టాడు. బీరువా మీద గీత గీస్తున్నాడు...

"కాప్..."

పెన్సిల్ ఆగిపోయింది.

వాన చప్పుడేమో— కాదు. పలకల అడ్డు కింది భాగంలోంచి, మోకాలి ఎత్తునుంచి... ఎవరో పళ్ల సందున పిలిచినట్టు—

"కాప్... కాప్..."

తలుపు రెండడుగుల దూరంలో ఉంది. కానీ ఇప్పుడు పారిపోతే ఈ ఖోలీ పోతుంది. ఖోలీ పోతే కాజల్ రాదు. భయం ఎక్కడ ఆగిందో, కోపం ఎక్కడ మొదలైందో అతనికే తెలియలేదు.

"కాపతో!" అని అరిచాడు. "ఘే, కాపతో!" నరుకుతా, తీసుకో!

రంపం మీట నొక్కి, గొంతు వచ్చిన చోటే పలకలోకి దించాడు. పాత టేకు కీచుమంది. పొట్టు మొహం నిండా కొట్టింది. పలక విరిగి అవతలికి పడింది... వెలుతురు వచ్చింది.

అవతల నేలమీద ప్రియాంక. ఆమె రొమ్ము మీద రమేష్ మోకాలు. ఎడమచేత్తో గొంతు నులుముతున్నాడు. కుడిచేత్తో రోటి పొత్రం నెత్తికెత్తాడు.

రంపం పళ్లు ఆమె చెవికి జానెడు దూరంలో తిరుగుతున్నాయి.

రమేష్ తలెత్తాడు. పొత్రం ఇటు విసిరాడు. అతుల్ భుజంలో ఎముక పటుక్కుమంది. రంపం చేతినుంచి జారింది... దాన్ని అందుకోబోయిన రమేష్ ముంజేతిని అది తిరుగుతూ తిరుగుతూనే చీల్చింది. నెత్తురు పలకల మీదికి చిమ్మింది. ఆ కేకకి గ్యాలరీ అంతా లేచింది. జనం రమేష్ తలుపు విరగ్గొట్టి అతన్ని పట్టుకున్నారు. అతుల్ కన్నంలోంచి పాకుతూ వెళ్లి, ఒంటిచేత్తో ఆమె నోట్లోంచి గుడ్డ లాగాడు. ఊపిరి కోసం ఆమె నేలని గోళ్లతో గీరింది.

తెల్లారేసరికి రమేష్‌ని పోలీసులు తీసుకుపోయారు. కిష్టయ్య ఖోలీలో చేతికి పట్టీతో అతుల్, పక్కన పరుగున వచ్చిన కాజల్, గోడకి ఆనుకుని ప్రియాంక. ఆమె మెడ మీద కొంగు లేదిప్పుడు. వేలిముద్రలు నల్లగా కమిలి ఉన్నాయి. గడపలో సగం చాల్ నిలబడింది.

"కాప్, కాప్ అన్నది నువ్వేనా చెల్లీ?" అతుల్ అడిగాడు.

"కాప్ ఏందన్నా?"

"మరాఠీల... కొయ్యమని."

"నాకు మరాఠీ రాదు. మా దిక్కు కాపాడుండ్రి అంటం."

కాపా— గొంతు నులిమితే అంతవరకే వస్తుంది.

"హత్తెరీ!" అన్నాడు కింది అంతస్తు బంటీ. "కిష్టయ్యకు జడిసి నేను రాత్రి సండాసుకు గూడ పోలే గదరా!"

చాల్ అంతా ఊపిరి పీల్చుకుని నవ్వింది. దెయ్యం లేదు. ఏమీ లేదు. పాపం, ఈ పిల్ల.

ప్రియాంక ఒక్కతే నవ్వలేదు.

"అన్నా... నేను కాదు."

"ఏంది?"

"నేను ఒర్రలే. ముందుగాల నోట్ల గుడ్డ కుక్కుతడు, ఎనక కొడ్తడు. ఎప్పుడూ గంతే. నువ్వే గుంజినవ్ గద ఆ గుడ్డ."



రత్నాబాయి నెమ్మదిగా కన్నం దగ్గరికి వచ్చి, విరిగిన పలకని నిమిరింది.

"వీళ్లొచ్చింది మొన్న. ఆ గొంతు నా నల్లజుట్టు నాటిదిరా అతుల్యా. లక్ష్మమ్మకు గూడ మరాఠీ రాకపోయె."

గడపలో జనం ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. కాజల్ కదల్లేదు. ఆ కన్నం వైపు చూసి, నేల మీది కొలత టేపు తీసి అతుల్ బాగున్న చేతిలో పెట్టింది.

"చెయ్యి అతికినంక వంటగట్టు పూర్తిచెయ్యి. ఈడనే ఉందాం."

"ఇదంత విన్నంక గూడనా?"

"మొగోడు చెయ్యెత్తితే పిలిచే మనిషి ఈ చాల్ల ఇంకే ఇంట్ల ఉంది?" అంది కాజల్. మొగుడి కళ్లల్లోకి చూసి, నవ్వుతూనే అంది. "నువ్వు గూడ విన్నవు గద?"