కొత్త సగటు

నూట పద్నాలుగో వేలిని వర్ణమాపకం మీద ఆనించి, తెర మీద ‘సాధారణం’ అని రాగానే జలసంస్థ తనిఖీదారు విశాలి చీటీ మీద ముద్ర వేసింది. వేలు వానమబ్బు రంగులో ఉంది. చిగుళ్లూ అంతే. ఉప్పుటేరు పేటలో అందరిదీ అదే రంగు. కుళాయిల్లో వచ్చే రజతజలం క్రిములను చంపుతుందనీ, ఒంట్లోకి పోయే వెండి నలుసంత కూడా ఉండదనీ జలసంస్థ ఊదరగొడుతూనే ఉంది. ఆ కాస్తా బయటికి పోదనీ, ఎండ తగిలిన చోటల్లా చర్మంలో నల్లబడి ఉండిపోతుందనీ మాత్రం చెప్పి చావదు.

యంత్రం చేసే మోసం విశాలికి తెలుసు. ఎవరి రంగునైనా అది పేట సగటుతోనే పోలుస్తుంది. పేటంతా ఏటేటా నీలపడుతుంటే సగటూ నీలపడుతుంది. ఇక జబ్బు ఎవరికని తేలుతుంది? వెండి అడ్డుపడి, మాత్రలు మింగుతున్నా థైరాయిడ్ తగ్గట్లేదని మొత్తుకునేవాళ్లు కూడా దాని లెక్కలో సాధారణమే. తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండిపోతుంది.

తర్వాత నూకరత్నం మూడు వారాల కూతురితో వచ్చింది. పిల్ల గోరు లేత గులాబీ రంగులో ఉంది. యంత్రం ఎర్రగా వెలిగింది. ‘అసాధారణం. వెంటనే నాలుగు రజతబిందువులు.’

“పిల్లకేవైందండీ? పాలు బానే తాగుతోందండి,” అంది నూకరత్నం.

“దానికేం కాలేదమ్మా. మనకే అయ్యింది.”

పర్యవేక్షకుడు గవర్రాజు చుక్కల సీసాతో వచ్చాడు. “కానివ్వండి మేడమ్. లైనాగిపోయింది.”

“దేనికి వెయ్యాలి? బాగున్నందుకా?”

“మనవేమన్నా డాక్టర్లవా? మిషను చెప్పింది చేత్తాం. మీరెయ్యకపోతే నేనేత్తాను.” అతను మూత తిప్పాడు.

ఏడాదికోసారి కొత్త సగటు ఎక్కించే మీట విశాలి చేతి కిందే ఉంటుంది. ఆమె దాన్ని నొక్కి, పేట సగటుకు బదులు పసిదాని వేలినే కొలతగా యంత్రం పలక మీద పెట్టింది. ‘ప్రమాణం మారింది,’ అంది తెర. పిల్ల పేరు పచ్చబడింది. ఆ కింద పేటలోని పదకొండు వేల పేర్లూ వరసగా ఎర్రబడ్డాయి. మోతాదు మించినవాళ్లు తేలితే కుళాయి కట్టెయ్యాలన్నది జలసంస్థ పెట్టిన నిబంధనే. గోడ మీద పేట నీటి మీటరు ముల్లు సున్నాకు జారింది.

“ఉద్యోగం పోద్దండి మీకు,” అన్నాడు గవర్రాజు. అని, తెరకేసి చూసి, సీసా పక్కన పెట్టి తన వేలు పలక మీద ఆనించాడు. ఎర్రదీపం వెలిగింది.

“నాకూ జబ్బేనాండీ?”

“జబ్బేనండీ. లేదని తొమ్మిదేళ్లు అబద్ధం చెప్పింది నేనే.”