చెక్‌గేటు గోడ చెప్పిన సాక్ష్యం

ఎదురింటివాళ్లు పొద్దున్నే గోడలకు సున్నం వేయించారు. ఇక మూడు రోజులు ఆ ఇంట్లో సైగలే. సున్నశ్రవణి అనే యంత్రం వచ్చాక జనానికి అబ్బిన జాగ్రత్త అది. సున్నం ఆరేలోపు గదిలో పడిన ప్రతి మాటా గోడలో ఉండిపోతుంది, ఎన్నేళ్లకైనా ఆ యంత్రం దాన్ని బయటికి తీస్తుంది. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవడానికి వీధిలోకి పోవలసిన కాలం వచ్చిందంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

పరిశోధకురాలు చిత్రరేఖ ఆఫీసు కిటికీ మూసి వచ్చి సుక్రి ఎదుట కూర్చుంది.

నలభై ఏళ్ల క్రితం, ఒడిశా సరిహద్దు కొండల్లోని ఒక చెక్‌గేటులో కాపలాదారుణ్ని నరికి చంపారు. ఇంట్లో లేడని ఎవరో చెప్పిన సాక్ష్యంతో నేరం సుక్రి తండ్రి బుద్రు మీద పడింది. అతను జైల్లోనే పోయాడు. ఆ రాత్రి అయ్య తన పక్కనే పడుకున్నాడని సుక్రి అర్జీలో రాయించింది. కోరినవి రెండే. అయ్య నిర్దోషి అని తేల్చాలి. అబద్ధపు సాక్ష్యం చెప్పినవాడి పేరు బయటపెట్టాలి.

హత్య జరిగిన సాయంత్రమే చెక్‌గేటు గదికి సున్నం కొట్టారు. చిత్రరేఖ నాలుగు రోజుల క్రితమే అక్కడికి వెళ్లి గోడ మాటలన్నీ యంత్రంలోకి ఎక్కించి వింది. అప్పట్నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. చివరి భాగం చెరిపేద్దామని రెండుసార్లు చెయ్యి చాపింది కూడా. కానీ అర్జీదారు మొత్తం వినాలన్నది చట్టం.

చిత్రరేఖ యంత్రాన్ని నడిపింది. మొదట ఇద్దరు లారీవాళ్ల గొంతులు వినిపించాయి. తర్వాత పెనుగులాట, కేక. బుద్రు గొంతు ఎక్కడా లేదు.

"సెప్పేనా! మా అయ్య కాదు," అంది సుక్రి ఏడుస్తూనే నవ్వి. "మరి అబద్ధమాడినోడెవడమ్మా?"

"మర్నాడు పోలీసులు ఆ గదిలోనే విచారించారు. ఇక్కడితో ఆపేద్దాం అక్కా."

"ఆపకండి. ఆడి పేరు కోసమే గదా ఇన్నాళ్లూ తిరిగేను."

పోలీసు జమేదారు గొంతు వినిపించింది. "ఏయ్ గుంటా, రాత్రి మీ అయ్య ఇంటికాడ ఉన్నాడా?"

"లేడు," అంది ఆరేళ్ల పిల్ల, గట్టిగా, అప్పజెప్పినట్టు.

సుక్రి తన గొంతు గుర్తుపట్టింది. ఖాకీ బట్టలవాళ్లు ఎప్పుడొచ్చి అడిగినా 'అయ్య ఇంటికాడ లేడు' అనాలి. మగవాళ్లను వెట్టికి పట్టుకుపోతారని ఆ కొండల్లో పిల్లలకు మాటలతోపాటే నేర్పేవారు.

"అబద్ధమాడితే తోలు వలిచేస్తాను!" చెంపదెబ్బ చప్పుడు. పిల్ల ఏడుపు.

"కొట్టకండి బాబూ," అంది బుద్రు గొంతు. "గుంట అబద్ధమాడదు. రేత్రి నాను ఇంటికాడ లేను."

యంత్రం ఆగింది.

"అప్పుడు చిన్నపిల్లవి అక్కా. నీకేం తెలుసు?" అంది చిత్రరేఖ.

"పన్నెండేళ్లు జైలుకెళ్లి సూసొచ్చేను. ఎవడు సెప్పేడయ్యా ఆ అబద్ధం అని ఎన్నిసార్లు అడిగేనో! తల నిమిరి ఊరుకునేవోడు." సుక్రి తల ఎత్తింది. "మీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలుసు. దాచేద్దామనుకున్నాను. తప్పే."

"మా అయ్యా దాచేడు. మీరైనా రాయండి. అర్జీలో రెండోది ఆ పేరే అడిగేను గదా, నా పేరు రాయండి."

చిత్రరేఖ రాసింది. రాస్తున్నంతసేపూ సుక్రి ముఖంలోకి చూడలేకపోయింది.