పదమూడో తేదీ అర్జీ

1838 మార్చి 14, బుధవారం. ఉదయం ఏడు గంటల పది నిమిషాలు.

రాస్‌మీన్ రేవులో సముద్రం వెనక్కి పోయింది. పాత గిడ్డంగి వెనక మెట్ల దగ్గర ఒక శవాన్ని వదిలి పోయింది.

శవం బోర్లా పడి ఉంది. తల వెనక భాగం చితికింది. కోటు ఇనుప కొక్కేనికి చిక్కుకుంది. లేకపోతే అలలు ఎప్పుడో లాక్కుపోయేవి.

హెడ్ కానిస్టేబుల్ మలాకీ ట్రెహీ వంగి శవాన్ని వెల్లకిలా తిప్పాడు.

"అమ్మో! కలెక్టర్ దొర!" అన్నాడు పక్కనున్న కానిస్టేబుల్ బీర్న్.

కస్టమ్స్ కలెక్టర్ యూస్టస్ హాంబ్లిన్. అరవై ఎనిమిదేళ్ళు. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. కీళ్ళవాతం మాత్రం ఉంది. ఈయన పోతే ఆ కుర్చీ ఎవరికని ఊరు ఆరేళ్ళుగా కాచుకుని కూర్చుంది.

ట్రెహీ శవం జేబులు వెతికాడు. రుమాలు. ముక్కుపొడుం డబ్బీ. గడియారం. గడియారంలోకి నీళ్ళు పోయాయి. ముళ్ళు మూడు గంటల పది నిమిషాల దగ్గర ఆగాయి.

"తెల్లవారుజామున మూడింటికి చచ్చాడంటారా?"

"ఆ వేళప్పుడు కీళ్ళవాతం ముసలాడు ఈ నాచు మెట్లు దిగుతాడా? నిన్న మధ్యాహ్నం చంపారు. వెనక నించి కొట్టారు."

"మరి రాత్రంతా ఎవరూ వెతకలేదేం?"

హాంబ్లిన్ ఇంటి వంటమనిషిని అడిగితే జవాబు దొరికింది. దొర రెండున్నరకి ఇల్లు కదిలాడు. ప్రతి మంగళవారం చెల్లెలి ఇంట్లో భోజనం, పడక. అక్కడే ఉన్నాడనుకుంది.

చెల్లెలి మొగుడు కెప్టెన్ థియబాల్డ్ ఏల్వార్డ్. రాస్‌మీన్ మేజిస్ట్రేట్. ఎనిమిదింబావుకి ఆయన బండి రేవులో ఆగింది. అప్పటికే టోపీకి నల్ల గుడ్డ చుట్టుకున్నాడు. చేతులకి నల్ల తొడుగులు, చంకలో లావుపాటి చేతికర్ర. ఆ ఇంట్లో సంతాపం నియమాలు ప్రార్థన కన్నా గట్టివి. బాత్ నగరంలో దూరపు చుట్టం పిల్లి చచ్చినా ఏల్వార్డ్ ఇంట మూడు వారాలు నలుపేనని ఊళ్ళో వేళాకోళం.

"ఇంకా ఇక్కడే నిలబడ్డావేమయ్యా? ఆ మొరోనీగాణ్ణి పట్టుకోలేదూ?" అన్నాడు కెప్టెన్.

"రాత్రి మీ ఇంటికి కలెక్టర్ గారు రాలేదా దొరగారూ?"

"రాలేదు. కాళ్ళనొప్పులనుకున్నాం."

"పోయారన్న కబురు మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఏడున్నరకి. నీ మనిషే వచ్చి చెప్పాడు. ఏం, నన్నే విచారిస్తున్నావా?"

"రిపోర్టులో రాయాలి కదండీ."

"రాసుకో. మొరోనీ పేరు కూడా రాసుకో. సంతలో వందమంది ముందు మా బావని చంపుతానన్నాడు."

"అన్నమాట నిజమే. చేశాడనడానికి సాక్ష్యం..."

కెప్టెన్ దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ట్రెహీ, సబ్ ఇన్‌స్పెక్టర్ కుర్చీ ఐదు నెలలుగా ఖాళీ. చాకిరీ నీది, జీతం హెడ్ కానిస్టేబుల్‌ది. నీ అర్జీ నా సిఫార్సుతో అక్టోబరులోనే డబ్లిన్ కోటకి, సర్కారు వారికి పంపాను. నేనింకో మాట రాస్తే ఆ కుర్చీ నీది. వేరే మాట రాస్తే చచ్చేదాకా బూట్లు తుడుచుకుంటావు. ఏ మాట రాయమంటావు?"

ట్రెహీ శవం గడియారాన్ని రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. రైతు కొడుకు. రాస్‌మీన్‌లో ఇంకో మేజిస్ట్రేట్ లేడు.

పది గంటలకి మొరోనీని అరెస్టు చెయ్యమని కెప్టెన్ రాతపూర్వకంగా ఆర్డరు పంపాడు. పదింబావుకి మొరోనీ లాకప్‌లో ఉన్నాడు.

*

ఫెలిమ్ మొరోనీ కస్టమ్స్ పడవ నడిపేవాడు. వేసవిలో ఉద్యోగం ఊడింది. ట్రెహీని చూడగానే నేల మీద ఉమ్మేశాడు.

"రావయ్యా దొరల ఎంగిలిమెతుకు! మనోడివై ఉండి మా మీదే పడ్డావా?"

"నిన్న మూడింటికి ఎక్కడున్నావు?"

"సముద్రంలో."

"ఎవరు చూశారు?"

"చేపలు. పిలుచుకో, సాక్ష్యం చెబుతాయి."

"కలెక్టర్‌ని చంపుతానని ఎందుకన్నావు?"

మొరోనీ గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"మళ్ళీ పనిలో పెట్టుకోమని అర్జీ రాయించాను. ఫాదర్ గారు సంతకం పెట్టారు. మేజిస్ట్రేట్ చెయ్యి పడితే గానీ కలెక్టర్ ముట్టుకోడన్నారు. సెప్టెంబరులో ఏల్వార్డ్ దొర చేతికే ఇచ్చాను. ఐదు నెలలు తిరిగాను. చివరికి దొర ఏమన్నాడో తెలుసా? హాంబ్లిన్ దాన్ని చదివి నవ్వి పొయ్యిలో వేశాడట! ఇంట్లో నలుగురు పిల్లలు నాచు ఉడకబెట్టుకు తింటున్నారు. సంతలో ఆ ముసలాడు కనబడితే దండం పెట్టమంటావా?"

"ఇరవై రెండున జడ్జి వస్తున్నాడు. తెలుసా?"

"తాడు ముందే పేని ఉంచారని కూడా తెలుసు."

*

మార్చి 20, మంగళవారం. జడ్జి రావడానికి రెండు రోజులుంది.

పదకొండు గంటల టపాలో కోట నించి ఒక కట్ట వచ్చింది. ఖాళీ అయిన కలెక్టర్ పదవికి రాస్‌మీన్ నించి రెండు అర్జీలు అందాయట. అర్జీదారుల గుణం, నడవడి మీద స్థానిక పోలీసు అధికారి రిపోర్టు పంపాలి. సబ్ ఇన్‌స్పెక్టర్ లేడు కాబట్టి కట్ట ట్రెహీ బల్ల మీదకే చేరింది.

మొదటి అర్జీ కెప్టెన్ ఏల్వార్డ్‌ది. రెండోది కస్టమ్స్ ఆఫీసు గుమాస్తా నేథన్ క్రోకర్‌ది.

రెండింటి మీదా మార్చి 13 తేదీ. రెండింటి మీదా రాస్‌మీన్ టపా ముద్ర, అదే తేదీ. మంగళవారం సాయంత్రం ఐదింటి బండిలో వెళ్ళాయి.

శవం దొరికింది పద్నాలుగున.

ట్రెహీ టోపీ పెట్టుకున్నాడు. పదకొండూ నలభైకి కస్టమ్స్ ఆఫీసులో ఉన్నాడు.

క్రోకర్ సన్నగా, పుల్లలా ఉండే మనిషి. పంతొమ్మిదేళ్ళుగా అదే స్టూలు మీద కూర్చున్నాడు.

"కలెక్టర్ శవం దొరక్కముందే ఆయన కుర్చీ అడిగావు. ఎలా తెలిసింది?"

క్రోకర్ పగలబడి నవ్వాడు. సొరుగు లాగాడు. లోపల అర్జీలు. ఒకటి కాదు, పన్నెండు.

"ఆరు నెలలకొకటి తిరగరాస్తాను. తేదీ ఒక్కటే ఖాళీ. పైన సిఫార్సు చేసే పెద్ద దొర సంతకానికి చోటు వదులుతాను. ఐర్లండ్‌లో ముసలి ఆఫీసరు దగ్గితే చాలు, ఊరంతా కలాలు చెక్కుతుంది. మీరు పోలీసులు, తెలియదా? మీ సబ్ ఇన్‌స్పెక్టర్ మంచాన పడ్డ వారానికే మీరు రాయలేదూ?"

ట్రెహీ చెవులు ఎర్రబడ్డాయి. రాశాడు.

"సరే. పదమూడునే ఎందుకు పంపావు?"

నవ్వు ఆగిపోయింది.

"ఆ పొద్దున హాంబ్లిన్ పిలిచాడు. రాజీనామా రాశాడట. తన చోట నన్ను వెయ్యమని అందులోనే సిఫార్సు చేశాడట. సాయంత్రం టపాలో స్వయంగా వేస్తానన్నాడు. నీ అర్జీ కూడా అదే బండిలో పోనీ అన్నాడు."

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?"

"ఎవరు నమ్ముతారు? ఆ ఉత్తరం టపాలో పడనేలేదు. వాకబు చేశాను. పంతొమ్మిదేళ్ళుగా ఆశపెట్టి ఏడిపించాడు ముసలోడు. ఈసారీ అబద్ధమే అనుకున్నాను. చచ్చినందుకు ఏడవలేదు కూడా."

"శవం జేబులోనూ ఉత్తరం లేదు," అన్నాడు ట్రెహీ మెల్లగా.

తేదీలతో కేసు తేలదు. అందరూ ముందే రాస్తారు. కెప్టెన్ అర్జీలో మాట కూడా జాగ్రత్తగానే ఉంది. 'కలెక్టర్ గారి ఆరోగ్యం బొత్తిగా క్షీణించినందున' అని రాశాడు. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు.

పన్నెండున్నరకి ట్రెహీ మళ్ళీ తన బల్ల ముందు కూర్చున్నాడు. రెండు అర్జీలూ మళ్ళీ చదివాడు. మడిచాడు. విప్పాడు. తిప్పాడు.

తిప్పినవాడు అలాగే ఉండిపోయాడు.

"బీర్న్! కెప్టెన్ గారు మనకి రాసిన ఉత్తరాలు తే. దొంగవేటగాళ్ళ గురించి పన్నెండో తేదీది. మొరోనీని పట్టుకోమని పద్నాలుగో తేదీది."

"ఎందుకండీ?"

"తే. తరవాత గుర్రమెక్కి కౌంటీ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళాలి నువ్వు."

*

మధ్యాహ్నం మూడు గంటలు. ఏల్వార్డ్ ఇల్లు. కిటికీలకి నల్ల తెరలు.

కెప్టెన్ పొయ్యి దగ్గర నిలబడ్డాడు. మిసెస్ ఏల్వార్డ్ నల్ల దుస్తుల్లో కుర్చీలో కూర్చుంది. తలుపు పక్కన క్రోకర్. కౌంటీ ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన అరెస్టు కాగితం జేబులో పెట్టుకుని బీర్న్ గుమ్మంలో నిలబడ్డాడు.

"గుమాస్తాని నా గదిలోకి తెచ్చావేం?" అని కసిరాడు కెప్టెన్.

"కోట వారు రిపోర్టు అడిగారండి. అర్జీదారులిద్దరినీ ఒకచోట చూద్దామని."

"నా గుణం గురించి నువ్వు రాస్తావా? బంగాళాదుంపలు తవ్వుకునే మీ అయ్య చూస్తే మురిసిపోతాడు! చూడు ట్రెహీ, ఒక్క ఉత్తరం ముక్కతో..."

"నేనూ ఉత్తరాల గురించే మాట్లాడదామని వచ్చాను."

ట్రెహీ బల్ల మీద ఒక కాగితం పెట్టాడు.

"ఇది సోమవారం, పన్నెండో తేదీ. దొంగవేటగాళ్ళ గురించి మీరు రాసింది. వెనక లక్క ముద్ర ఏ రంగు?"

"ఎరుపు. అయితే?"

ఇంకో కాగితం.

"బుధవారం, పద్నాలుగో తేదీ. మొరోనీ అరెస్టు ఆర్డరు."

"నలుపు. ఇంట్లో చావు జరిగితే మర్యాదస్తులు నల్ల లక్క వాడతారు. మీ వాళ్ళకి తెలియదు."

"తెలుసుకున్నానండి. మీ చుట్టం ఎవరు పోయినా ఊరికి ముందు చెప్పేది మీ లక్కే." ట్రెహీ మూడో కాగితం తీశాడు. వెంటనే పెట్టలేదు. "బావగారు పోయిన సంగతి మీకు బుధవారం ఏడున్నరకి తెలిసింది. రేవులో మీరే చెప్పారు. నేను రాసుకున్నాను."

"అవును."

"ఇది మంగళవారం ఐదింటి బండిలో వెళ్ళిన మీ అర్జీ. కాగితాన్నే మడిచి, వెనకే లక్క వేసి, పైనే చిరునామా రాశారు. కోట గుమాస్తా ముద్ర విరిచాడు. కానీ సగం లక్క కాగితానికే అంటుకుని ఉంది. పక్కనే టపా తేదీ. లోపలి మాటలు అందరూ చదివారు. వెనక్కి తిప్పి ఎవరూ చూడలేదు."

కాగితం తిప్పి బల్ల మీద పెట్టాడు.

నల్ల లక్క. విరిగిన అర్ధచంద్రుడిలా.

"ఎవరు పోయారు దొరగారూ?"

కెప్టెన్ పొయ్యిలో కర్రని బూటుతో ఎగదోశాడు.

"చేతికి అందింది వాడాను," అన్నాడు కెప్టెన్.

"కాదండి. మూడింటికి మెట్ల మీద బావగారిని చూశారు. రాజీనామా ఉత్తరం చేతిలో ఉంది. అది టపాలో పడితే కుర్చీ క్రోకర్‌ది. మీరు కర్ర ఎత్తారు. నాలుగింటికి ఇంటికొచ్చి అర్జీ రాశారు. మాటలు ఆచితూచి రాశారు. కానీ లక్క వేసేటప్పుడు ఎవరూ ఆలోచించరు. ఇంట్లో చావు ఉందని మీ బుర్రకి తెలుసు. చిన్నప్పటి అలవాటుగా చెయ్యి నల్ల లక్క మీదికే పోయింది."

"ఇది సాక్ష్యమా? ఒక లక్క ముక్కకి జడ్జి నవ్వుతాడు!"

"హారియట్..." అంది మిసెస్ ఏల్వార్డ్.

అందరూ అటు తిరిగారు.

"లెటీషియా, నోరు ముయ్యి."

ఆమె భర్తని చూడలేదు. ట్రెహీతోనే మాట్లాడింది.

"మంగళవారం నాలుగింటికి ఈయన గదిలోకి వెళ్ళాను. కొవ్వొత్తి పక్కన నల్ల లక్క ఉంది. ఎవరు పోయారండీ అని అడిగాను. బాత్‌లో హారియట్ వదిన పోయిందన్నారు. మర్నాడు అన్నయ్య కబురు వచ్చాక హారియట్ సంగతే మరిచిపోయాను. నిన్న వాళ్ళింటికి పరామర్శ రాయబోతుంటే టపా వచ్చింది." ఆమె ఒళ్ళోంచి ఒక ఉత్తరం తీసింది. "హారియట్ రాసింది. పదహారో తేదీ. అన్నయ్య కులాసాయేనా అని అడిగింది. ఎర్ర లక్క."

కెప్టెన్ ముఖం మీద నెత్తురు లేదు. ఉన్నట్టుండి అరిచాడు.

"ఇంటి మనిషిని నేనుండగా ఆ గుమాస్తాకి రాసిచ్చాడు! మెట్ల మీద నిలబడి ఆ కాగితం నా మొహాన ఊపి నవ్వాడు!"

బీర్న్ ముందుకొచ్చాడు.

"మా అన్నయ్య భోజనానికి రాలేదని రాత్రంతా నేను కిటికీ దగ్గర కూర్చున్నాను," అంది ఆమె. "నువ్వు రెండుసార్లు వడ్డించుకుని తిన్నావు."

హాంబ్లిన్ ఉత్తరం కోసం కెప్టెన్ బల్ల సొరుగులు తెరిచారు. అది దొరకలేదు. పొయ్యిలో పోయి ఉంటుంది. కింది సొరుగులో వేరే కట్ట దొరికింది. నాడాతో కట్టిన అర్జీలు. నాలుగేళ్ళవి. విధవలవి, సైనికులవి, బడిపంతుళ్ళవి. అన్నీ పంపానని కెప్టెన్ చెప్పినవే. ఒక్కటీ గడప దాటలేదు.

పై నించి మూడోది ట్రెహీది. అక్టోబరు తేదీతో. సిఫార్సు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

*

నాలుగుంబావుకి ట్రెహీ లాకప్ తలుపు తీశాడు. ఒక కాగితం అందించాడు.

మొరోనీకి చదువు రాదు. కానీ ఫాదర్ గారు వేసిన ముద్ర గుర్తుపట్టాడు.

"ఇది విప్పనే లేదే!"

"కలెక్టర్ దీన్ని చూడనే లేదు. కెప్టెనే సొరుగులో పడేసి నీతో అబద్ధం చెప్పాడు."

మొరోనీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"అంటే ఆ ముసలాణ్ణి సంతలో ఉత్తపుణ్యానికి తిట్టానా?"

"తిట్టావు. ఇంటికి పో."

గుమ్మం దాటుతూ ఆగాడు. "ఇందాక బీర్న్ అన్నాడు, నీది కూడా ఉందటగా ఆ సొరుగు కట్టలో?"

"ఉంది."

"ఇప్పుడు నీకు సిఫార్సు ఎవడు చేస్తాడు?"

"మేజిస్ట్రేట్‌ని పట్టుకున్న పోలీసుకి సిఫార్సు చేసే మేజిస్ట్రేట్ ఐర్లండ్‌లో ఇంకా పుట్టలేదు."

"బాగా అయింది," అన్నాడు మొరోనీ. ఈసారి ఉమ్మలేదు.

ఐదింటి బండికి ఇంకా అరగంట ఉంది. కోట అడిగిన రిపోర్టు వెళ్ళాలి. బల్ల మీద మంచి కాగితం ఒక్కటే ఉంది, కెప్టెన్ సొరుగులో దొరికిన తన అర్జీ. ట్రెహీ దాన్నే తిరగేసి, వెనక వైపు రాయడం మొదలుపెట్టాడు.

'రెండో అర్జీదారు క్రోకర్ పంతొమ్మిదేళ్ళు ఒకే స్టూలు మీద నిజాయితీగా పనిచేశాడు. తగినవాడు. మొదటి అర్జీదారు ఏల్వార్డ్ ప్రస్తుతం లాకప్‌లో ఉన్నాడు. ఆయన కోరిన పదవిని ఖాళీ చేసింది ఆయన చేతి కర్రే.'

సంతకం పెట్టాడు. మడిచాడు. ఎర్ర లక్క కరిగించి ముద్ర వేశాడు.

కాగితం వెనక్కి తిప్పి చూసేవాడు కోటలో ఒక్కడైనా ఉంటే, మిగతాది చదువుకుంటాడు.